అంతర్జాతీయ వైరంపై చిన్న వీడియో గేమ్‌తో వ్యాఖ్యానించడం ఎలా?

రెండు దేశాల మధ్య నడుస్తున్న వైరం గురించి తమ అభిప్రాయం చెప్పదలచుకున్నవారు సాధారణంగా వ్యాసం రాస్తారు, కార్టూన్ గీస్తారు, లేదా నలుగురిలో వాదిస్తారు. మూడు నిమిషాల్లో ముగిసే, రెండు బటన్లతో నడిచే చిన్న ఆటతోనూ ఆ పని చేయవచ్చు. పెద్ద కంపెనీల ఆటల్లాంటి హంగులు దానికి అవసరం లేదు. అయితే చెప్పదలచుకున్న మాటను బొమ్మల్లో, డైలాగుల్లో కాకుండా ఆట నియమాల్లో ఇమడ్చడం తెలియాలి. ఆ పని ఎలా చేయాలో ఈ వ్యాసంలో ఒక ఉదాహరణతో వివరిస్తాను.

ముందుగా ఒక పాత ఆటను చూడండి. ఉరుగ్వేకు చెందిన గేమ్ రూపకర్త గొంజాలో ఫ్రాస్కా, ఆయన బృందం 2003లో ‘సెప్టెంబర్ 12’ అనే ఆటను విడుదల చేశారు. తెర మీద పశ్చిమాసియాను తలపించే పట్టణం, వీధుల్లో తిరిగే జనం, వారి మధ్య కొందరు ఉగ్రవాదులు కనిపిస్తారు. మీ చేతిలో క్షిపణి గురి ఉంటుంది. మీరు నొక్కిన వెంటనే క్షిపణి పడదు. అది వచ్చి పడేలోగా మీరు గురిపెట్టిన మనిషి నాలుగడుగులు పక్కకు వెళ్లిపోతాడు, ఇళ్లు కూలుతాయి, దారిన పోయేవారు చనిపోతారు. శవం దగ్గరకు వచ్చి ఏడ్చినవారిలో కొందరు ఉగ్రవాదులుగా మారతారు. ఎన్ని క్షిపణులు వేస్తే ఉగ్రవాదుల సంఖ్య అంత పెరుగుతుంది. అసలు వేయకుండా ఉంటే పెరగదు. ఆ అభిప్రాయంతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. దాన్ని ఎవరూ మీకు ఉపన్యసించి చెప్పలేదు, మీ చేత్తో మీరే చేసి తెలుసుకున్నారు. మీరు తయారుచేయబోయే ఆట కూడా ఇలాగే పనిచేయాలి.

ముందు ఒక వాక్యం రాసుకోండి

కంప్యూటర్ తెరవకముందే, మీ అభిప్రాయాన్ని కార్యకారణ సంబంధం ఉన్న ఒకే వాక్యంగా కాగితం మీద పెట్టండి. ‘యుద్ధం చెడ్డది’, ‘శాంతి వర్ధిల్లాలి’ వంటి వాక్యాలతో ఆట తయారు కాదు, ఎందుకంటే వాటిలో ఆటగాడు చేయడానికి పని లేదు. ‘ఒక దేశం తన రక్షణ కోసం చేసిన ఏర్పాటు పొరుగు దేశానికి బెదిరింపుగా కనబడుతుంది, అందువల్ల పొరుగు దేశం కూడా అలాంటి ఏర్పాటే చేస్తుంది, చివరకు ఇద్దరికీ ఉన్న భద్రత తగ్గుతుంది’ అనే వాక్యంతో తయారవుతుంది. అంతర్జాతీయ సంబంధాలు చదివినవారికి ఇది ‘భద్రతా సందిగ్ధం’గా పరిచితమే, జాన్ హెర్జ్ 1950లో దానికి ఆ పేరు పెట్టాడు. వాక్యం రాసిన తరువాత అందులోని క్రియాపదాల కింద గీతలు గీయండి. చేయడం, కనబడడం, తగ్గడం అనే క్రియల్లో మొదటిది ఆటగాడి బటన్ అవుతుంది, తక్కినవి కంప్యూటర్ ఇచ్చే జవాబులవుతాయి. క్రియ దొరకకపోతే వాక్యం ఇంకా పక్వానికి రాలేదని అర్థం, మార్చి రాయండి.

నేను తయారుచేసిన మొదటి ఆటలో ఈ మెట్టు దాటవేశాను. ఇద్దరు నాయకుల ముఖాలు గీసి, ఒకరి మీద ఒకరు బురద చల్లుకునేలా చేశాను. ఆడినవారందరూ నవ్వారు, ఒక్కొక్కరూ అరగంట ఆడారు, కానీ ఆ రెండు దేశాలు ఎందుకు తగవులాడుకుంటున్నాయో ఒక్కరికీ కొత్తగా ఏమీ తెలియలేదు. ముఖాలు తీసేసి రెండు కోళ్లను పెట్టినా ఆ ఆట అలాగే నడిచేది. మీ ఆటకూ ఈ పరీక్ష పెట్టి చూడండి: బొమ్మలన్నీ తీసేసి, వట్టి చతురస్రాలు మిగిల్చినప్పుడు కూడా మీ మాట కొంతైనా వినబడుతోందా?

పెద్ద వైరం నుండి చిన్న ఘటనను విడదీయండి

ఒక యుద్ధం మొత్తాన్ని రెండు బటన్లలో పెట్టలేరు. ఆ వైరం స్వభావం అద్దంలో కనబడినట్టు కనబడే ఒక చిన్న ఘటనను వెతకండి. నేను ఎంచుకున్నది కొరియా సరిహద్దులోని జెండా స్తంభాలను.

ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య పోరు 1953 జూలై 27న కుదిరిన కాల్పుల విరమణతో ఆగింది. శాంతి ఒప్పందం మాత్రం నేటికీ జరగలేదు. రెండు దేశాల నడుమ సుమారు 250 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పు ఉన్న నిస్సైనిక మండలం ఉంది. అందులో దక్షిణం వైపు దేసాంగ్‌డాంగ్, ఉత్తరం వైపు కిజాంగ్‌డాంగ్ అనే రెండు గ్రామాలు ఒకదానికొకటి కనబడేంత దూరంలో ఉన్నాయి. 1980ల దశకంలో దక్షిణ కొరియా తన గ్రామంలో దాదాపు 100 మీటర్ల జెండా స్తంభాన్ని నిలబెట్టింది. ఉత్తర కొరియా జవాబుగా తన గ్రామంలో 160 మీటర్ల స్తంభాన్ని లేపింది. దక్షిణం తన స్తంభాన్ని మళ్లీ పెంచలేదు.

ఈ ఘటనలో మన వాక్యం మొత్తం ఉంది. పైగా ఎవరూ చనిపోలేదు కాబట్టి ఆటగాడు జాలితోనో కోపంతోనో కళ్లు మూసుకోకుండా ఆ పోటీని పోటీగా చూడగలుగుతాడు. ఈ ధోరణి పాతకాలంతో పోలేదు కూడా: 2024 మే చివరి నుండి ఉత్తర కొరియా చెత్త మూటలు కట్టిన బెలూన్లను దక్షిణం వైపు వదిలింది, జూన్‌లో దక్షిణ కొరియా సరిహద్దులో లౌడ్‌స్పీకర్ల ప్రసారాలను మళ్లీ మొదలుపెట్టింది. స్తంభం స్థానంలో బెలూన్ వచ్చినా నడక అదే.

ఘటన ఎంచుకున్నాక ఒక కాగితాన్ని మూడు నిలువు గడులుగా విభజించండి. ఇరుపక్షాలూ ఒప్పుకునే విషయాలు మొదటి గడిలో, ఒక పక్షం మాత్రమే చెప్పేవి రెండవ గడిలో, మీ ఊహలు మూడవ గడిలో రాయండి. ఉదాహరణకు, స్తంభాల ఎత్తు మొదటి గడిలోకి వస్తుంది. కిజాంగ్‌డాంగ్ భవనాల్లో నిజంగా కాపురాలు లేవన్నది దక్షిణ కొరియా వాదన, కాబట్టి అది రెండవ గడి విషయం. ఆటలో ‘జరిగింది’ అన్నట్టు చూపేవన్నీ మొదటి గడి నుండే రావాలి. రెండవ గడి నుండి ఏదైనా తీసుకుంటే అది ఎవరి మాటో తెర మీద తెలియాలి.

రూల్‌ను అంకెల్లో పెట్టండి

ఇక్కడ కొంచెం నిదానించండి, అసలు రచన జరిగేది ఈ మెట్టులోనే.

ఆయుధ పోటీని లెక్కల్లో చెప్పిన తొలివారిలో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒకరు. ఆయన వాతావరణాన్ని లెక్కగట్టి ముందే చెప్పే పద్ధతికి పునాది వేసినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టడానికి ఒప్పుకోక అంబులెన్స్ నడిపినవాడు. ఆయన నమూనాలో మూడే శక్తులు ఉంటాయి. ఎదుటివారి బలాన్ని చూసి కలిగే భయం మన బలాన్ని పెంచుతుంది. మన ఖర్చు తాలూకు భారం దాన్ని తగ్గిస్తుంది. పాత పగ, దేనితోనూ సంబంధం లేకుండా, ప్రతిసారీ కొంచెం ముందుకు తోస్తుంది. జెండా స్తంభాలకు దాన్ని ఇలా రాసుకోవచ్చు: వచ్చే వంతులో స్తంభం ఎత్తు = ఇప్పటి ఎత్తు + భయం × ఎదుటి స్తంభం ఎత్తు − భారం × సొంత స్తంభం ఎత్తు + పగ.

దీన్ని కోడ్‌లో పెట్టేముందు చేత్తో వేసి చూడండి. రెండు స్తంభాలూ 100 మీటర్ల దగ్గర మొదలయ్యాయని, ఇరువైపులా భయం 0.3, భారం 0.2, పగ 5 అని అనుకుందాం. మొదటి వంతు తరువాత 100 + 30 − 20 + 5, అంటే 115 మీటర్లు. రెండవ వంతుకు 131.5. పదవ వంతుకు దాదాపు 339. ఇప్పుడు భయాన్ని 0.2గా, భారాన్ని 0.3గా తారుమారు చేయండి: మొదటి వంతుకు 95, పదవ వంతుకు దాదాపు 67, ఆ పైన రెండూ 50 మీటర్ల వైపు దిగి స్థిరపడతాయి. రెండు అంకెల స్థానం మారితే ఒక లోకంలో స్తంభాలు ఆకాశానికి పోతాయి, మరో లోకంలో కుదురుకుంటాయి. భయం భారాన్ని మించిందా లేదా అన్నదే ఇక్కడ తేడా, కాబట్టి ఆ అంకెలను ఎంచుకోవడమంటే అభిప్రాయం చెప్పడమే. వాటిని ఎందుకు ఎంచుకున్నారో మీరు ఎవరికైనా జవాబు చెప్పగలగాలి.

ఇప్పుడు ఒక పక్షాన్ని ఆటగాడి చేతికి ఇవ్వండి, రెండవ పక్షాన్ని పై సూత్రం ప్రకారం కంప్యూటర్‌కు వదలండి. నా ఆటలో ప్రతి వంతులో ఆటగాడికి పది మూటల బడ్జెట్ వస్తుంది. నిలబడి ఉన్న స్తంభంలో ప్రతి 20 మీటర్లకు ఒక మూట నిర్వహణకే పోతుంది. మిగిలిన ఒక్కొక్క మూటతో స్తంభాన్ని 5 మీటర్లు పెంచవచ్చు, లేదా కింద గ్రామంలో ఒక ఇంటికి ఆ వంతు వరకు దీపం వెలిగించవచ్చు. 100 మీటర్ల దగ్గర ఐదు మూటలు మిగులుతాయి, 160 దగ్గర రెండే, 200 మీటర్ల దగ్గర ఒక్కటీ మిగలదు. అప్పుడు జెండా ఎత్తుగా ఎగురుతూ ఉంటుంది, కింద ఊరంతా చీకటిగా ఉంటుంది. ఆ దృశ్యాన్ని నేను ప్రత్యేకంగా గీయలేదు. కూడికలు, తీసివేతలే దాన్ని తెచ్చిపెట్టాయి.

భయం 0.3, భారం 0.2, పగ 5 అన్న మొదటి అంకెలతోనే, ఆటగాడు 100 మీటర్ల దగ్గరే ఆగిపోతే ఏమవుతుందో కూడా లెక్క చూసుకోండి. ఎదుటి స్తంభం వెంటనే ఆగదు. అది 115కు, 127కు పెరుగుతుంది, అయితే ప్రతిసారీ తక్కువగా పెరుగుతూ 175 దగ్గర ఆగిపోతుంది. అంటే పోటీ ఆగడానికి దారి ఉంది, కానీ ఆ దారిలో నడవాలంటే ఎదుటివాడి జెండా మనకంటే ఎత్తుగా ఎగురుతుండగా చూస్తూ ఊరుకోగలగాలి. నేను చెప్పదలచుకున్నది సరిగ్గా ఇదే. ఈ 175 నిజ జీవితంలోని 160కి దగ్గరగా రావడం నేను ఎంచుకున్న అంకెల ఫలితమే తప్ప చరిత్రకు రుజువు కాదు. మీ ఆటలోనూ ఇలాంటి పోలిక తగిలితే దాన్ని సాక్ష్యంగా ప్రచారం చేయకండి.

ఇరుపక్షాలకూ ఒకే రూల్ పెట్టవచ్చా?

ఈ ప్రశ్నను చాలామంది రూపకర్తలు తేలికగా దాటిపోతారు, నాకు మాత్రం ఇదే అన్నిటికంటే బరువైనదిగా తోస్తుంది. ఇద్దరికీ ఒకే సూత్రం పెట్టిన క్షణంలో ‘ఇద్దరి తప్పూ సమానమే’ అని మీరు చెప్పినట్టవుతుంది. జెండా స్తంభాల విషయంలో అది నిలుస్తుంది. ఒక దేశం సైన్యంతో పొరుగు దేశంలోకి చొరబడిన సందర్భానికి అదే సూత్రాన్ని తగిలిస్తే, ఇల్లు కాల్చినవాడినీ కాలిన ఇంటివాడినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టినట్టవుతుంది. అటువంటి వైరంలో ఇరువైపులా బటన్లు వేరుగా ఉండాలి: ఒకరికి వెనక్కి మళ్లే బటన్ ఉంటుంది, రెండవవారికి అది ఉండదు, ఎందుకంటే వారికి వెనక్కి పోవడానికి చోటు లేదు.

సమానత్వం ఉన్నా లేకున్నా, ఆటను రెండు వైపుల నుండీ ఆడే వీలు కల్పించడం మంచిది. 2007లో వచ్చిన ‘పీస్‌మేకర్’ ఆటలో ఆటగాడు ఇజ్రాయెల్ ప్రధానమంత్రిగానైనా, పాలస్తీనా అధ్యక్షుడిగానైనా ఆడవచ్చు. అదే వార్త ఒక కుర్చీ నుండి ఒకలా, మరో కుర్చీ నుండి మరోలా తగులుతుంది. మూడవ దారి కూడా ఉంది: పాలకుల కుర్చీ వదిలి సామాన్యుల ఇంట్లోకి వెళ్లడం. 2014లో పోలండ్‌లో తయారైన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ ఆటకు బోస్నియా రాజధాని సరాయెవో ముట్టడి ప్రేరణ. అందులో మీరు సైనికుడు కాదు. చలికి, ఆకలికి ఓర్చుకుంటూ కూలిన ఇంట్లో దాక్కున్న పౌరులు. మీ వాక్యంలోని మొదటి క్రియను నిజంగా ఎవరు చేస్తారో చూసి, ఆ మనిషి స్థానాన్నే ఆటగాడికి ఇవ్వండి.

తెర మీద ఉంచవలసినవి, తీసేయవలసినవి

స్కోరు అవసరమా అని ముందుగా ప్రశ్నించుకోండి. స్కోరు పెరుగుతుంటే ఆటగాడు ఇంకేమీ చూడడు. నా ఆట తొలి రూపంలో స్తంభం ఎత్తును తెర పైభాగంలో పెద్ద అంకెలతో చూపాను. ఆడిన ఐదుగురిలో ఒక్కరు కూడా దీపం బటన్ ముట్టుకోలేదు, ఎందుకంటే ఆ అంకెను పెంచడమే గెలుపని వారు అనుకున్నారు. అంకెను తీసేసి, రెండు స్తంభాలను పక్కపక్కన వట్టిగా నిలబెట్టిన తరువాత చూపు కిందికి, ఊరి మీదికి దిగడం మొదలైంది.

మరణాలు ఉండే ఆటలో ఇంకా జాగ్రత్త అవసరం. చనిపోయినవారిని పాయింట్లుగా లెక్కించకండి, పేలుడును అందంగా గీయకండి. 1985లో క్రిస్ క్రాఫర్డ్ రూపొందించిన ‘బ్యాలెన్స్ ఆఫ్ పవర్’ ఆటలో అణుయుద్ధం మొదలైతే తెర మీద పుట్టగొడుగు మేఘం రాదు. వైఫల్యానికి మేము బహుమతి ఇవ్వబోమని తెలిపే నాలుగు మాటలు మాత్రం కనబడతాయి. నగరాలను క్షిపణుల నుండి కాపాడే 1980 నాటి ‘మిసైల్ కమాండ్’లో ఎంత నేర్పుతో ఆడినా దాడులు అంతకంతకూ పెరిగి, చివరకు నగరాలన్నీ పోయి ‘ది ఎండ్’ అనే పదాలు మిగులుతాయి. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో జరిగిన బాంబు దాడుల్లో 190 మందికి పైగా చనిపోయినప్పుడు ఫ్రాస్కా బృందమే చేసిన మరో చిన్న ఆటలో, కొవ్వొత్తులు పట్టుకున్న మనుషులు నిలబడి ఉంటారు; ఆరిపోబోతున్న ఒక్కొక్క కొవ్వొత్తినీ నొక్కి వెలిగిస్తూ ఉండటమే ఆటగాడి పని. మీ ఆట ముగింపు ఎలా ఉండాలో ఆలోచించేటప్పుడు ఈ మూడింటినీ గుర్తు చేసుకోండి.

తెర మీద మాటలు వీలైనంత తక్కువ రాయండి. నేపథ్యం కోసం నేను రాసిన ఎనిమిది వాక్యాల పరిచయాన్ని ఒక మిత్రుడు రెండు సెకన్లలో దాటించేశాడు. నా కళ్లముందే జరిగింది. ఇప్పుడు అక్కడ రెండే వాక్యాలున్నాయి. మిగిలిన సమాచారం ఆట ముగిసిన తరువాతి తెరలో ఉంది, అప్పటికి ఆటగాడికి తెలుసుకోవాలన్న కోరిక పుట్టి ఉంటుంది.

పనిముట్ల గురించి

దీని మీద ఎక్కువసేపు ఆలోచించవద్దు. ఆటంతా మాటలు, ఎంపికలతో నడిస్తే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. కోడ్ రాయడం రానివారికి స్క్రాచ్ సరిపోతుంది. కొంచెం అనుభవం ఉంటే గోడో అనే గేమ్ ఇంజిన్ వాడవచ్చు, లేదా జావాస్క్రిప్ట్‌లో నేరుగా రాయవచ్చు. ఇవన్నీ ఉచితమే. ఏది వాడినా ఆట బ్రౌజర్‌లో, ఫోన్ మీద, ఇన్‌స్టాల్ చేయకుండా తెరుచుకునేలా చూడండి; వార్త చదివి వచ్చినవారు డౌన్‌లోడ్ పూర్తయ్యేదాకా ఆగరు. ఏదో ఒక కంపెనీ ప్లగిన్ మీద పూర్తిగా ఆధారపడకండి. బ్రౌజర్లలో ఆటలు నడిపించిన అడోబ్ కంపెనీ ప్లగిన్ ఫ్లాష్‌కు 2020 చివర మద్దతు ఆగిపోయినప్పుడు ఈ తరహా ఆటలెన్నో ఒక్కసారిగా తెరుచుకోకుండా పోయాయి.

ఆడించి చూడండి

కాగితం మీద, నాణేలతో, గవ్వలతోనైనా సరే, కోడ్‌కు ముందే ఒకసారి ఆడించండి. తరువాత తెర మీద ఆడించేటప్పుడు పక్కన కూర్చుని నోరు మెదపకండి. ఆటగాడు ఎక్కడ తటపటాయించాడో, ఎక్కడ ఆలోచించకుండా నొక్కాడో వంతుల వారీగా రాసుకోండి. ‘బాగుందా?’ అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. దానికి బదులు ‘ఈ ఆట ప్రకారం ఈ తగవు ఎందుకు ఆగడం లేదు?’ అని అడగండి. వచ్చిన జవాబు మీరు మొదట కాగితం మీద రాసుకున్న వాక్యానికి దగ్గరగా ఉంటే రూల్ పనిచేస్తున్నట్టే. ‘ఎదుటివాడు మొండివాడు కాబట్టి’ అన్న జవాబు నాకు పదేపదే వచ్చింది. కంప్యూటర్ పక్షం ఎందుకు పెంచుతోందో ఆటగాడికి కనబడకపోవడమే అందుకు కారణం. ఎదుటి గ్రామంలోనూ ఇళ్లు గీసి, స్తంభం పెరిగినప్పుడల్లా అక్కడ కూడా దీపాలు ఆరేలా చేశాక ఆ జవాబు తగ్గింది.

మీ అభిప్రాయంతో విభేదించేవారితో, వీలైతే ఆ రెండు దేశాలకు చెందినవారితో కూడా తప్పక ఆడించండి. దూరం నుండి చూసేవారికి స్తంభం వట్టి ఇనుము. అక్కడివారికి దాని మీద ఎగిరేది తమ జెండా. వారు నొచ్చుకున్న చోట రూల్ తప్పా, రంగు తప్పా, మాట తప్పా అని విడదీసి చూడండి. రంగూ మాటా తేలికగా మార్చవచ్చు. రూల్‌ను మాత్రం వారి కారణం మిమ్మల్ని ఒప్పించినప్పుడే మార్చండి.

పేర్లు, పటాలు, విడుదల

అసలు దేశాల పేర్లు పెట్టాలా, కల్పిత పేర్లు పెట్టాలా అన్నది విడుదలకు ముందే తేల్చుకోండి. సిరియా అంతర్యుద్ధంపై 2012లో వచ్చిన ‘ఎండ్‌గేమ్: సిరియా’ను యాపిల్ తన యాప్ స్టోర్‌లోకి అనుమతించలేదు, నిజమైన ప్రభుత్వాన్ని శత్రువుగా చూపకూడదన్న నిబంధన అడ్డు వచ్చింది. చివరకు అసలు పేర్లు తీసేసిన ‘ఎండ్‌గేమ్: యురేషియా’ అనే రూపం బయటకు వచ్చింది. 2013లో వచ్చిన ‘పేపర్స్, ప్లీజ్’ మాత్రం మొదటి నుండీ అర్‌స్టోట్‌జ్కా అనే కల్పిత దేశపు సరిహద్దు తనిఖీ గదిలో నడిచింది, అయినా అది ప్రచ్ఛన్న యుద్ధ కాలపు తూర్పు ఐరోపాను తలపిస్తుందని ఆడినవారికి తెలుస్తూనే ఉంటుంది. జరిగిన ఘటనను ఉన్నదున్నట్టు చెబుతున్నప్పుడు అసలు పేర్లు వాడటం నిజాయితీ. ఘటనలను కలిపి, అంకెలను ఊహించి అల్లినప్పుడు కల్పిత పేర్లే న్యాయం. నా ఆట లోపల ‘ఈవైపు’, ‘ఆవైపు’ అని మాత్రమే ఉంటుంది, కొరియా పేరు ముగింపు తెరలో వస్తుంది.

సరిహద్దులు గీసిన పటాన్ని అత్యవసరమైతే తప్ప పెట్టకండి. వివాదంలో ఉన్న గీతను ఎక్కడ గీసినా అది మీరు ఉద్దేశించని మరో వ్యాఖ్య అవుతుంది, కొన్ని దేశాల్లో చట్టపరమైన చిక్కు కూడా తేవచ్చు. సామాన్యుల ఫోటోలను, ముఖ్యంగా బాధితుల ఫోటోలను, వాడకండి.

ఆట చివరి తెరలో మూడు విషయాలు రాయండి: ఏవి జరిగినవి, ఏవి మీరు ఊహించిన అంకెలు, ఏ తేదీ నాటి పరిస్థితిని బట్టి ఆట తయారైంది. భయం, భారం, పగ అంకెలను ఆటగాడే మార్చి మళ్లీ ఆడుకునే వీలును కూడా అక్కడే ఇవ్వండి, అప్పుడు మీతో విభేదించేవారికి తమ లోకాన్ని చూపించే అవకాశం దొరుకుతుంది. విడుదలైన తరువాత ఘటనలు మారితే, పాత రూపాన్ని తేదీతో సహా అలాగే ఉంచి, మార్చినదాన్ని కొత్త తేదీతో పక్కన పెట్టండి.